నాలుగంగుళాల గెట్టు



ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. వరుసలో నడవండి, ముందున్నవాణ్ణి తోయకండి, వెనకున్నవాడి కాలు తొక్కకండి అని వేలసార్లు చెప్పి ఉంటాను. అలాంటి నేను అరవై దాటాక మొదటిసారి విమానమెక్కి, ఎక్కిన గంటన్నరకే వెనక సీటు మనిషి ఒళ్లో పప్పన్నం ఒలకబోశాను. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ పప్పన్నం సంగతి.

కోరుట్లలో పొద్దుగూకక ముందే నాలుగు ముద్దలు తిని కిరాయి కారెక్కాం, నేనూ మా ఇంటామె. కొడుకు దుబాయిలో ఉంటాడు, మనుమణ్ణి చూడాలి. జగిత్యాల, కరీంనగర్, సిద్దిపేట దాటి, ఔటర్ రింగు రోడ్డు పట్టుకొని శంషాబాద్ చేరేసరికి నడిజాము. అక్కడ వరుసల్లో నిలబడి, బెల్టు విప్పి, సంచులు చూపించి, కాగితాలు చూపించి, చివరకు సీట్లో కూలబడేసరికి నడుము పట్టేసింది. విమానం పైకి లేచింది. చెయ్యి ఆనించుకునే చోట లోపలి వైపు ఒక చిన్న బటన్ ఉంటుందని పక్కసీటు పిల్లవాడు చూపించాడు. నొక్కాను. ఇంట్లో వాలుకుర్చీలో వాలినట్టు బరువంతా వేసి ఒక్కసారి వెనక్కి వాలాను.

వెనక నుంచి "అయ్యో" అని వినిపించింది. తిండి బండి ఆరోజు వెనక వరుసల నుంచి వస్తున్నది. మా వరుసకు ఇంకా అందలేదు కాబట్టి ఎవరూ తినడం లేదనుకున్నాను. లేచి చూస్తే నలభై ఏళ్ల మనిషి. నా సీటు వీపుకు ఉన్న చిన్న బల్ల మీద ప్లేటు పెట్టుకొని తింటున్నాడు. పప్పు సగం అంగీ మీద, అన్నం సగం ఒళ్లో. ఆయన నన్ను తిట్టలేదు. "ఏం కాలే సార్, జర సైసుండ్రి, తిన్నంక వంచుకుందురు" అన్నాడు. ఆ మాట వినగానే తెలిసింది, సిరిసిల్ల వైపు మనిషి.

మా ఇంటామె మాత్రం ఊరుకోలేదు. "ఊర్ల పిల్లలందరికీ సుద్దులు చెప్పినవు, ఎన్కకు చూసి ఒరుగుడు నువ్వే నేర్వలే" అన్నది. ఆ మాట నాకు నాలుగు గంటల ప్రయాణానికి సరిపోయింది. ఇంటికొచ్చినా వదల్లేదు.

విమానం సీటు గురించి రేడియోలో ప్రసంగమా అని ఎవరైనా నవ్వవచ్చు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వాళ్లు నవ్వరు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అనే మాట పుట్టిందే మా కరీంనగర్ బతుకుల్లోంచి. మగ్గం ఆగితే బొంబాయికో భీవండికో పోయారు. నీళ్లు లేక పొలం ఎండితే సింగరేణి బొగ్గుబాయికి పోయారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాలు కట్టడాలు మొదలుపెట్టాక దుబాయికి పోయారు, మస్కట్‌కు పోయారు, కువైట్, సౌదీ, బహ్రెయిన్, ఖతార్‌లకు పోయారు. ఏ దేశం పోయినా ఊళ్లో మాత్రం దుబాయి పోయిండనే అంటారు. పెద్దపల్లి నుంచి నిజామాబాద్ దాకా రైలు దారి మొత్తం పూర్తయింది 2017లో. అంటే కోరుట్ల మీదుగా నిజామాబాద్‌కు రైలు పోకముందే కోరుట్ల మనిషి విమానమెక్కి సముద్రం దాటి వచ్చాడు. పట్నంలో ఉద్యోగస్తుడి కన్నా ముందు మా ఊరి సెంట్రింగ్ మేస్త్రీ విమానం సీటు ఎట్లుంటుందో చూశాడు. కాబట్టి ఆ సీటు మర్యాద గురించి మాట్లాడే హక్కు మా ప్రాంతానికి ఉందనే నా నమ్మకం.

మనకు బస్సు మర్యాద బాగా తెలుసు. పల్లెవెలుగు బస్సు స్టాండులోకి వస్తుంటే కిటికీలోంచి దస్తీ వేస్తాం. దస్తీ పడితే సీటు మనది. చదువుకున్నవాడైనా చదువుకోనివాడైనా, ఆ గుడ్డముక్కను పక్కకు నెట్టి కూర్చునే ధైర్యం చేయడు. చేస్తే బస్సంతా ఒక్కటై అడుగుతుంది. ఏ చట్టంలోనూ రాయని ఈ దస్తీ చట్టం ఎన్ని తరాలుగా నడుస్తున్నదో చూడండి. సీటు ఎవరిదో తేల్చడానికి మనకు దస్తీ ఉంది. సీటుకూ సీటుకూ నడుమ ఉన్న జాగ ఎవరిదో తేల్చడానికి ఏ గుడ్డముక్కా లేదు. పల్లెవెలుగులో ఆ అవసరమే రాలేదు, ఆ సీట్లు వెనక్కి వంగవు. సూపర్ లగ్జరీలు, బొంబాయి పోయే ప్రైవేటు బస్సులు వచ్చాక పుష్‌బ్యాక్ సీట్లు వచ్చాయి. వాటితోపాటే రాత్రి రెండు గంటలకు వెనక నుంచి వినిపించే గొణుగుడూ వచ్చింది. విమానంలో ఆ గొణుగుడు ఇంకాస్త పెద్దది, ఎందుకంటే జాగ ఇంకాస్త చిన్నది.

ఆ జాగ ఎంతో కొలిచి చెబుతాను. ఒక సీటు మీద ఒక గుర్తు పెట్టి, దాని ముందు సీటు మీద సరిగ్గా అదే చోట ఇంకో గుర్తు పెడితే, ఆ రెండు గుర్తుల నడుమ దూరాన్ని విమానాల వాళ్లు పిచ్ అంటారు. సాదా తరగతిలో ఇది ఇప్పుడు ఎక్కువగా 28 నుంచి 32 అంగుళాలు. మన భాషలో చెప్పాలంటే మూరన్నర, రెండు మూరల లోపు. అందులోనే సీటు మందం, అందులోనే మన తొడలు, మోకాళ్లు, ముందు సీటు సంచిలో కుక్కిన పుస్తకాలు, నీళ్ల సీసా. కొన్ని దశాబ్దాల కింద ఇదే దూరం 34, 35 అంగుళాలు ఉండేది. మనిషి కాళ్లు కురచ కాలేదు, జాగ కురచయింది. ఒక్కో వరుసలో ఒకటి రెండు అంగుళాలు మిగిల్చుకుంటూ పోతే విమానం చివరకొచ్చేసరికి ఇంకో వరుస పడుతుంది. ఇంకో వరుస అంటే ఇంకో ఆరు టికెట్లు.

ఇక సీటు వాలేది ఎంత? పైభాగంలో రెండంగుళాల నుంచి నాలుగంగుళాల దాకా, అంతే. సీటు కీలు కింద ఉంటుంది కాబట్టి మోకాళ్ల దగ్గర జరిగేది తక్కువ, ముఖం దగ్గర జరిగేది ఎక్కువ. మోకాళ్లు నొక్కుకుపోతున్నాయంటే అందులో పెద్ద పాపం పిచ్‌ది. ప్లేటు ఒలికినా, ఫోను తెర ముక్కుకు తగిలినా అది వాలినవాడి పాపం. ఆ రోజు నేను చేసింది ఈ రెండో రకం.

ఇప్పుడు అసలు పంచాయితీ. ఆ నాలుగంగుళాలు ఎవరివి? ముందువాడు అంటాడు, నా సీటుకు బటన్ ఉంది, డబ్బు కట్టాను, వాల్చుకుంటాను. వెనకవాడు అంటాడు, నా ముందున్న జాగకు నేనూ డబ్బు కట్టాను, నా ముఖం మీదికి రావడానికి నువ్వెవరు? ఇద్దరి మాటా నిజమే. మన వైపు భూమి వ్యవహారాలు తెలిసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఇది డబుల్ రిజిస్ట్రేషన్. ఒకే గుంట భూమిని ఒకడు ఇద్దరికి అమ్మి, ఇద్దరి దగ్గరా పైసలు తీసుకొని, పక్కకు జరిగి నిలబడ్డాడు. కొన్న ఇద్దరూ ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. అమ్మినవాణ్ణి మాత్రం ఎవరూ అడగడం లేదు. సీటు వాల్చే సుఖాన్ని ముందువాడికి, కాళ్లు చాపుకునే జాగను వెనకవాడికి అమ్మిన సంస్థ పేరు ఆ గొడవలో వినిపించదు. వినిపించేవి 'మర్యాద తెలియదా' అన్న మాటలే.

ఈ కాలరు పట్టుకోవడం ప్రపంచమంతా ఉంది. 2003లో ఒక పొడుగాటి అమెరికా ఆయన చిన్న ప్లాస్టిక్ బిళ్లలు తయారుచేశాడు. ముందు సీటు బల్లకు వాటిని తగిలిస్తే ఆ సీటు ఇక వాలదు. మోకాళ్ల కాపలాదారు అని అర్థం వచ్చే పేరు పెట్టి అమ్మాడు. 2014 ఆగస్టులో నెవార్క్ నుంచి డెన్వర్ పోయే విమానంలో ఒకాయన దాన్ని తగిలించాడు. ముందు సీటు ఆమె గ్లాసులో నీళ్లు ఆయన మీద కుమ్మరించింది. పైలట్ విమానాన్ని షికాగోలో దించి ఇద్దరినీ కిందికి పంపాడు. ఆ తర్వాత పది రోజులు కూడా గడవకముందే అమెరికాలో ఇంకో రెండు విమానాలు ఇదే సీటు గొడవతో దారి మార్చుకొని వేరే ఊళ్లలో దిగాయి. రెండు మూడు అంగుళాల కోసం వందల మంది ప్రయాణం ఆగింది. నీళ్ల వంతు దగ్గర జరిగే తగాదాలో ఊరు ఊరంతా పోలీస్ స్టేషను ముందు కూర్చున్నట్టు.

2020 జనవరి ఆఖరున న్యూ ఆర్లీన్స్ నుంచి షార్లెట్ పోయే విమానంలో ఇంకోటి జరిగింది. ఒకామె సీటు వాల్చింది. ఆమె వెనక ఉన్నాయనది చివరి వరుస. చివరి వరుస సీట్లు చాలా విమానాల్లో వాలవు, వెనక గోడ ఉంటుంది. ముందు నుంచి సీటు మీద పడుతున్నది, వెనక్కి పోయే దారి లేదు. ఆయన పిడికిలితో ఆమె సీటును గుద్దుతూ పోయాడు. ఆమె దాన్ని ఫోనులో తీసింది. ప్రపంచమంతా చూసి రెండు పార్టీలుగా చీలింది. ఆ రోజుల్లోనే ఒక పెద్ద విమాన సంస్థ అధిపతి, వాల్చేముందు వెనకవాళ్లను అడగడమే పద్ధతి, నేనైతే వాల్చనే వాల్చను అని చెప్పాడు. అంతకు ముందు ఏడాదే ఆ సంస్థ కొన్ని విమానాల్లో సీటు వాలే దూరాన్ని నాలుగంగుళాల నుంచి రెండంగుళాలకు తగ్గించింది. యూరప్‌లో తక్కువ ధరకు తిప్పే ఒకటి రెండు సంస్థలయితే అసలు వాలని సీట్లే బిగించాయి. గెట్టు తగాదా తెగకపోతే గెట్టునే దున్నిపారేసినట్టు.

గెట్టు అన్నాను కదా, అక్కడే కాసేపు ఆగుదాం. రెండు పొలాల నడుమ గెట్టు ఉంటుంది. అందులో సగం నీది, సగం నాది. నువ్వు నాగలితో ఒక జానెడు ఇటు గీకితే నేను గొడ్డలి పట్టుకొని వస్తాను. అయినా ఆ గెట్టు మీదే ఇద్దరం నడుస్తాం, ఇద్దరం గడ్డి కోసుకుంటాం, సద్దిమూట విప్పి ఇద్దరం కూర్చుంటాం. గెట్టు పూర్తిగా ఒకడిది అనుకున్న రోజున వ్యవసాయం సాగదు.

రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త 1960లో ఒక పెద్ద వ్యాసం రాశాడు. 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ వ్యాసంలో ఆయన తీసుకున్న ఉదాహరణ మనకు కొత్తది కాదు. ఒకడి పశువులు పక్కవాడి చేనులో పడి మేస్తాయి. మన దగ్గరైతే బందెలదొడ్డికి తోలుతారు. కోస్ అడిగింది వేరే. పశువు మేస్తే చేనువాడికి నష్టం, నిజమే. పశువును మేయనివ్వకపోతే పశువులవాడికి నష్టం కదా? నష్టం రెండు వైపులా ఉంది. ఎవరి నష్టం పెద్దదో చూసి, ఇద్దరూ కూర్చొని ఖరారు చేసుకోవచ్చు అన్నది ఆయన లెక్క. సీటు సంగతీ అంతే. నేను వాలితే వెనకవాడికి ఇబ్బంది, వాలకపోతే నా నడుముకు ఇబ్బంది.

మరి కూర్చొని ఖరారు చేసుకుంటారా? 2014లో ఇద్దరు అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యులు జనాన్ని అడిగి చూశారు. సీటు వాల్చుకునే హక్కు ముందువాడిదే అనుకోండి, వాల్చకుండా ఉండడానికి ఎంత తీసుకుంటావు అని ముందువాణ్ణి అడిగితే సగటున 41 డాలర్లు అన్నాడు. వాల్చకుండా ఆపడానికి వెనకవాడు ఇస్తానన్నది 18 డాలర్లే. అంటే వాల్చుకోవడమే గొప్ప అన్నమాట. తర్వాత ప్రశ్నను తిరగేశారు. ఆ జాగ వెనకవాడిదే అనుకోండి, వాల్చుకోవడానికి ఎంత ఇస్తావు అంటే ముందువాడు 12 డాలర్లకు దిగిపోయాడు. వెనకవాడు 39 డాలర్లకు తగ్గేది లేదన్నాడు. అదే సీటు, అదే మోకాలు, అవే అంగుళాలు. మారింది ఒక్కటే, 'ఇది నాది' అన్న మాట ఎవరి నోట ముందు పడిందన్నది. ఇది చదివినప్పుడు నాకు దస్తీ గుర్తుకొచ్చింది. సీటు మీద దస్తీ పడకముందు ఎవరికీ దాని మీద ప్రేమ ఉండదు. పడ్డాక ప్రాణం మీదికి వచ్చినా వదలం.

కాబట్టి హక్కు మాట పక్కన పెడదాం. పనికొచ్చే పద్ధతి మాట్లాడుకుందాం.

మొదట, సీటు నిలువుగా ఉండి తీరాల్సిన సమయాలు. విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు సీటు నిలబెట్టమని, బల్ల మూయమని, కిటికీ తెర ఎత్తమని చెబుతారు. అది పెత్తనం కోసం చెప్పే మాట కాదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఆ కాసేపట్లోనే. కొత్త రకం విమానానికి అనుమతి ఇచ్చేముందు ఒక పరీక్ష పెడతారు. సగం తలుపులే తెరిచి, నిండా ఉన్న మనుషులందరూ 90 సెకన్లలో బయటపడాలి. తొంబై సెకన్లంటే మీరు ఈ మాటలు వింటున్నంతలో గడిచిపోయే కాలం. ఆ సమయంలో ముందు సీటు వాలి ఉంటే కిటికీ పక్కన కూర్చున్న అవ్వ బయటికి రాలేదు. తలుపుల దగ్గరి వరుసలకు ముందున్న సీట్లు వాలకుండా చేసేదీ ఇందుకే. మీ సీటు వాలకపోతే అది చెడిపోయిందని బటన్‌ను పీకకండి.

తర్వాత, తిండి వేళ. నా పప్పన్నం పాఠం ఇక్కడిది. వెనక వరుసలో ఒక్క ప్లేటు ఉన్నా మన సీటు నిటారుగా ఉండాలి. మన ఇళ్లలో పంక్తిలో పక్కవాడి విస్తరి ఖాళీ కాకముందే లేవం కదా, ఇదీ అదే.

ఆ తర్వాత, వాల్చే విధానం. ఒక్కసారి పడొద్దు. ముందు తల తిప్పి చూడాలి. వెనక పసిపిల్ల తల్లి ఒళ్లో ఉందా, గర్భిణి ఉందా, ఆరడుగుల మనిషి మోకాళ్లు ముడుచుకొని ఉన్నాడా చూడాలి. చూసి ఒక మాట చెప్పాలి. ఆ మాట మన భాషలో ఉన్నంత తియ్యగా ఇంకెక్కడా లేదు. అన్నా, జర ఒరుగుత. అక్కా, సీటు వంచుకుంట, తాకుతదా? తాతా, మోకాళ్లు పైలం. వరుస పెట్టి పిలిచాక కాదనేవాడు తక్కువ. పక్కన మలయాళీ ఉన్నా, లక్నో మనిషి ఉన్నా, పాకిస్తానీ ఉన్నా గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్లకు 'భాయ్' ఉండనే ఉంది. అడిగితే లేదంటాడేమోనన్న భయం వద్దు. సమ్మతి అడుగుతున్నామని కూడా అనుకోవద్దు. కబురు చెబుతున్నాం, అంతే. కాలువలోంచి నీళ్లు మళ్లించుకునే ముందు పక్క పొలం వాడికి చెప్పి మళ్లించుకున్నట్టు.

వెనక ఉన్నవాడికీ పద్ధతి ఉంది. లేచేటప్పుడు ముందు సీటు పట్టి గుంజవద్దు, అక్కడ ఒకడి తల ఉంటుంది. పిల్లలు కాళ్లతో తంతుంటే ఆపాలి. సీటు మీదికి వస్తే గుద్దడం కాదు, చెప్పడం. మాట వినకపోతే సిబ్బందిని పిలవడం. మన దేశంలో 2017లో వచ్చిన నియమాలు విమానంలో దురుసుగా ప్రవర్తించేవాళ్లను మూడు స్థాయిలుగా విడదీశాయి. మాటలతో రచ్చ చేస్తే మూడు నెలల దాకా, తోయడం, తన్నడం, కొట్టడం చేస్తే ఆరు నెలల దాకా, ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్లు, అంతకు మించి విమానం ఎక్కనివ్వరు. గల్ఫ్‌లో ఉద్యోగం ఉన్నవాడికి ఆరు నెలలు విమానం లేకపోవడం అంటే ఏమిటో ఇక్కడ విప్పి చెప్పాల్సిన పని లేదు.

ఇంతవరకు చెప్పిన పద్ధతులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. దొరకనిది ఒకటుంది. మర్యాద అనే మాటను కొందరు కర్రలా వాడుతారు. దుబాయి విమానమంటే కూలోళ్ల విమానమని ముక్కు విరిచే గొంతులు నేను విన్నాను. ఇదే సీటును ఒక సూటువాడు వాల్చితే అలసిపోయాడంటారు. అదే మా మల్లాపూర్ పిల్లవాడు వాల్చితే సంస్కారం లేదంటారు. రెండేళ్లు ఎండలో ఇనుప చువ్వలు వంచిన నడుము అది. గదిలో మీది మంచం, కింది మంచం అని అంతస్తులుగా పడుకున్న నడుము అది. 2006లో స్కాట్లాండ్‌లోని అబెర్డీన్‌లో కొందరు వైద్యులు మనుషుల్ని వేర్వేరు కోణాల్లో కూర్చోబెట్టి వెన్నెముకను స్కాన్ చేశారు. నిటారుగా కూర్చుంటే వెన్ను మీద భారం ఎక్కువ పడుతున్నదని, వెనక్కి బాగా వాలి, 135 డిగ్రీల దగ్గర కూర్చుంటే హాయి అని తేల్చారు. మన తాతల వాలుకుర్చీకి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. విమానం సీటు వాలేది అందులో చిన్న ముక్క. ఆ చిన్న ముక్కను కూడా వాడుకోవద్దని కూలిపని చేసి వచ్చినవాడికి చెప్పే అధికారం ఎవరికీ లేదు. వాడుకోమనాలి. వాడుకునేముందు వెనక్కి చూడమనాలి. ఆ రెండు మాటలూ కలిపి చెబితేనే మర్యాద.

ఇక మళ్లీ ఆ సిరిసిల్ల మనిషి దగ్గరికి. నా దస్తీ తీసి ఆయన అంగీ తుడవబోయాను. వద్దన్నాడు. సిబ్బంది ఇంకో ప్లేటు తెచ్చిచ్చారు. ఆయన తినేదాకా నేను సీటు ముట్టలేదు. తిన్నాక ఆయనే మాట కలిపాడు. ఇరవై ఏళ్లప్పుడు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేశాడట. పన్నెండు గంటలు నిలబడి, సాంచకూ సాంచకూ నడుమ మనిషి పక్కకు తిరిగి పోయేంత సందులో. "ఆ సందుల నూలు బీము మోసుకచ్చేటప్పుడు కేకేస్తుంటిమి సార్ మేము. బీమొస్తుంది అని. కేకెయ్యకుంటే ఎన్కటోని మోకాలు పోతది. సాంచాల చప్పుడుకు కేక గూడ వినపడదు, అయినా ఎయ్యాలె" అన్నాడు. పనిమంతుల మర్యాద అట్లా ఉంటుంది. దానికి పుస్తకం లేదు, మోకాళ్లుంటాయి.

రెండు నెలల తర్వాత తిరుగు ప్రయాణం. ఈసారి నా ముందు సీట్లో పాతికేళ్ల కుర్రవాడు. మెడలో కొత్త తువ్వాల, కాళ్ల దగ్గర దుప్పటి కట్టిన సంచి. మొదటిసారి సెలవు మీద ఇంటికి పోతున్నాడని పక్కవాడితో చెబుతుంటే విన్నాను. విమానం లేచింది, దీపాలు ఆర్పారు, చుట్టూ అందరూ వాలారు. వాడు మాత్రం పల్లెవెలుగు బస్సులో కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. నిద్ర వచ్చి తల ముందుకు పడుతుంది, ఉలిక్కిపడి లేస్తాడు, మళ్లీ పడుతుంది. గంటసేపు చూశాను. పాపం బటన్ తెలియదనుకున్నాను. నాలోని పంతులు లేచాడు. భుజం తట్టి, "బిడ్డా, చెయ్యి కింద బటన్ ఉంటది, నొక్కి ఎన్కకు ఒరుగు" అన్నాను.

వాడు తిరిగి చూసి నవ్వాడు. "తెలుసు సార్. ఎక్కేటప్పుడు చూసిన, మీ మోకాలికి పట్టీ ఉన్నది. తాకుతదని ఊకున్న" అన్నాడు.

నాకు మాట రాలేదు. వాడికి నేర్పుదామని లేచినవాణ్ణి. మా ఇంటామె నా వైపు చూసింది కానీ ఈసారి ఏమీ అనలేదు. పట్టీ ఉన్న కాలును నడవ వైపు జరిపాను. రెండో కాలు సీటు కిందికి చాపాను. "ఇప్పుడు తాకదు, ఒరుగు" అన్నాను. వాడు బటన్ నొక్కి, ఆగి, కొంచెం వాలి, "తాకుతున్నదా సార్" అని అడిగి, ఇంకొంచెం వాలాడు. మూడంగుళాల వాలుకు మూడుసార్లు ఆగాడు. నిమిషంలో గురక మొదలయింది.

శంషాబాద్ దగ్గర పడుతుంటే సీట్లు నిలబెట్టమని ప్రకటన వచ్చింది. వాణ్ణి లేపడానికి మనసు రాలేదు. సిబ్బంది ఒక్కో వరుస చూసుకుంటూ మా వరుస దాకా వచ్చేంతవరకు ఆగాను. ఆ తర్వాత ముందుకు వంగి, మెల్లగా భుజం మీద చెయ్యి వేసి, "లే బిడ్డా, సీటు లేపుకో, మనూరికి వచ్చినం" అన్నాను.